ఖుబానీ అనే ఆంబోతు

కిర్గిజ్ కొండల్లోని మా బాత్కెన్‌లో ఒక ఆడపిల్ల ఉంది. పుట్టకముందు తొమ్మిదేళ్ళపాటు ఆరు ఆంబోతులతో ఒకే పాత్రలో కాపురం చేసింది. పుట్టగానే అంబా అంది.

అంబా అన్నదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. చిన్నప్పుడు గుంటూరులో సిస్టర్ల బడిలో చదువుకున్నవాణ్ణి. అబద్ధమాడితే బెత్తం పడిన చోట అరచెయ్యి ఈ వయసులోనూ దురద పెడుతుంది. అందరు పిల్లలూ ఏడ్చినట్టే ఏడ్చింది. ఆంబోతులు కూడా ఆరు కాకపోవచ్చు, నాలుగనుకోండి. తొమ్మిదేళ్ళ దగ్గర మాత్రం తగ్గను. నేను ఈ ఊరి అల్లుణ్ణి. ఆ పిల్ల నానమ్మ తోక్తోకాన్‌ది మా పక్కిల్లు. రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఒక మట్టిగోడ, ఆ గోడకొక కన్నం.

పిల్ల తండ్రి పేరు ఒమూర్‌జాక్. మా భాషలో దీర్ఘాయువని అర్థం. వరసగా ఆడపిల్లలు పుట్టుకొచ్చాక ఆఖర్న పుట్టిన మగనలుసు కనుక తల్లి ఏరికోరి ఆ పేరు పెట్టుకుంది. పంతొమ్మిదో ఏట, ఖుబానీలు కోతకొచ్చే రోజుల్లో, వాడి మెడ పక్కన గడ్డ లేచింది. ఊపిరి ఆడక మెట్టు మెట్టుకీ కూలబడేవాడు. దాన్ని కాన్సర్ అని మా ఊళ్ళో ఎవరూ అనరు. "ఆ పేరులేనిది" అంటారు. పేరులేనిదని అనగానే అందరికీ పేరు తెలిసిపోతుంది.

ఓష్‌లోని ఆసుపత్రికి వాణ్ణి తీసుకెళ్తూ తోక్తోకాన్ మా ఊరి పశువుల డాక్టరు కల్మమత్‌ని వెంటబెట్టుకుంది.

"నేనెందుకు తోక్తోకాన్? నావన్నీ ఆవులూ గొర్రెలూ," అన్నాడాయన.

"డాక్టర్ల మాటలు డాక్టర్లకే తెలుస్తాయి. వాడు ఆవు కాదని నువ్వేమీ మొహమాటపడకు," అందావిడ.

అక్కడి డాక్టరు కుర్రవాడు. బిష్కెక్‌లో పెరిగి చదువంతా రష్యన్‌లో చదివాడు. కిర్గిజ్ భాష వాళ్ళ బామ్మ ఒళ్ళో ఉన్నంతకాలం వచ్చినంతే. అయినా తలకు తెల్లగుడ్డ చుట్టుకున్న పెద్దావిడతో రష్యన్ మాట్లాడటం మర్యాద కాదనుకున్నాడు. అదే కొంప ముంచింది.

"అపా," అన్నాడు. మాకు అమ్మలను పిలిచే పిలుపది. "మందు ఎక్కించకముందే మీవాడి ఒరుక్ దాచిపెట్టండి. ఈ మందుకి ఒరుక్ చచ్చిపోతుంది. తర్వాత కావాలన్నా దొరకదు."

మా భాషలో ఉరుక్ అంటే విత్తు. వంశమన్నా అదే మాట. ఒరుక్ అంటే ఖుబానీ పండు. డాక్టరు నాలుక బియ్యపుగింజంత ముందుకు జరిగింది, వంశం కాస్తా పండైపోయింది.

వేరే ఊరివాళ్ళయితే తెల్లబోయేవాళ్ళు. బాత్కెన్ మనిషికి ఇందులో వింతేముంది? కడుపునొప్పికీ పెళ్ళిచూపులకీ కూడా మేము ఖుబానీలే ముందు పెడతాం.

"ఎంత దాచమంటావు నాయనా?" అంది తోక్తోకాన్.

"వీలైనంత. ఒక్కసారితో ఆపకుండా రెండు మూడుసార్లు తీస్తే మంచిది."

"ఎండబెట్టమంటావా?"

డాక్టరు ఉలిక్కిపడ్డాడు. "వద్దపా. బాగా చల్లగా ఉన్నచోట పెట్టాలి."

"గింజతోనా, గింజ తీసేసా?"

డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. ఈ లోయ ఆడవాళ్ళకు ఇంత తెగువేమిటా అనుకున్నాడట పాపం. "అవన్నీ మగవాళ్ళతో మాట్లాడతాలెండి," అని లేచిపోయాడు.

మర్నాడు తోక్తోకాన్ మా ఊరి బస్సులోంచి రెండు బస్తాల పళ్ళు దించి డాక్టరు బల్ల ముందు పెట్టింది. "మా పెరట్లోవే. వాడూ మొక్కా ఒకే ఎత్తున్నప్పుడు నాటిన చెట్టువి. మీ చల్లపెట్టెలో పట్టకపోతే చెప్పు, నేలమాళిగ చూద్దాం."

డాక్టరు బస్తాలను చూశాడు. ఆవిణ్ణి చూశాడు. మెల్లగా తలపట్టుకున్నాడు. కల్మమత్ ఆయన్ని నడవలోకి తీసుకెళ్ళి అడిగాడు.

"డాక్టరుగారూ, నిన్న మీరు చెప్పింది ఎద్దుకీ ఆంబోతుకీ ఉన్న తేడా గురించేనా?"

"అదే," అన్నాడు డాక్టరు, ప్రాణం లేచొచ్చినట్టు. "మందుతో మనిషి బతకొచ్చు. తండ్రి కావడం మాత్రం దాదాపు కుదరదు. దాచే చోటు బిష్కెక్‌లో ఉంది. కానీ ఈ ఊపిరితో అబ్బాయి కొండదారి దాటలేడు. ఎల్లుండి మందు మొదలుపెట్టకపోతే ఇక్కడా దక్కడు."

కల్మమత్ కాసేపు మీసం దువ్వుకున్నాడు. "నా దగ్గర క్యాను ఉంది."

"ఏ క్యాను?"

"ఆవులకి సూది వేసే ఆంబోతు విత్తు దాచేది. నైట్రోజన్‌ది. మీవాళ్ళు వాడేదీ మేము వాడేదీ ఒకటే చలి."

డాక్టరు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. "ఆ చివర సామాను గది ఉంది. దాని గడియ పడుతుంది. నేనేమీ చూడలేదు," అన్నాడు.

తలుపు అవతల మంచం మీంచి ఇదంతా వింటున్న ఒమూర్‌జాక్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. పంతొమ్మిదేళ్ళవాడికి ఇంకా పిల్ల మొహమే తెలియదు, పిల్లల గురించి ఏం ఆలోచిస్తాడు? తల్లి వినకుండా ఒక్కమాట అన్నాడట. "కల్మమత్ ఆకా, నేను బతుకుతాననే కదా ఇదంతా?" మాకు ఆకా అంటే అన్నయ్య.

"బతకవనుకుంటే ఇంత సిగ్గుమాలిన పని ఎవడు చేస్తాడ్రా?" అన్నాడు కల్మమత్. కుర్రాడు లేచి సామాను గదిలోకి వెళ్ళాడు.

పట్నం చివర ఆంబోతుల కేంద్రంలో కల్మమత్ సహపాఠి ఒకడున్నాడు. సన్నటి గొట్టాల్లోకి ఎక్కించి గడ్డకట్టించే పని వాడిది. గొట్టం మీద రాయడానికి వివరాలు అడిగాడు.

"ఆంబోతు పేరు?"

"ఒరుక్."

"జాతి?"

"కొండజాతి."

"పాలసార?"

"తల్లివైపు బ్రహ్మాండం," అన్నాడు కల్మమత్. తోక్తోకాన్ తొమ్మండుగురిని సాకింది కదా.

ఆవిడకు మాత్రం పళ్ళు చల్లపెట్టెలో పెట్టామని చెప్పారు. రెండు బస్తాలూ నర్సులు తిన్నారు.

ఒమూర్‌జాక్ బతికాడు. అట్టలా ఉండే జుట్టు ఊడిపోయి ఉంగరాలు తిరిగి మొలిచింది. ఊళ్ళో ఆడవాళ్ళు ఏ మంగలి దగ్గర చేయించావని అడిగేవాళ్ళు. క్యాను మాత్రం కల్మమత్ ఇంటి చావడిలోనే ఉంది. అందులో చలి ఊరికే నిలవదు. పొగై పోతూనే ఉంటుంది. నెలనెలా ఓష్ నుంచి నైట్రోజన్ తెచ్చి నింపకపోతే లోపల ఉన్నదంతా గోవిందా. పూర్వం కల్మమత్ ఎవరి లారీనో బతిమాలేవాడు. ఒమూర్‌జాక్‌కి ఆ బెంగతో నిద్రపట్టలేదు. చివరికి ఒక పాత వ్యాను కొని, బాత్కెన్ నుంచి ఓష్‌కి జనాన్ని తిప్పే బండివాడయ్యాడు. కోడలి కోసం వంట నేర్చుకున్న మామగారిలా, నైట్రోజన్ కోసం డ్రైవరైనవాడు ప్రపంచంలో ఇతనొక్కడే అయుండాలి.

నైట్రోజన్ తెచ్చే క్యాను ముందు సీట్లో కూర్చునేది. దానికి బెల్టు కూడా పెట్టేవాడు.

ఒకనాడు బజారులో వేయించిన ఖుబానీ గింజలమ్మే నాజికాన్ మూటతో సహా బండెక్కింది. వెనక చోటులేదు.

"ఆ పాలక్యాను కింద పెట్టు. నేను కూర్చుంటా," అంది.

"అది పాలక్యాను కాదు. అక్కడే ఉండాలి."

"టిక్కెట్టు కొన్నదా?"

"కొన్నట్టే."

"నాలుగు గంటలు నిలబడి రావాలా నేను? పోనీ, దాన్నే పెళ్ళి చేసుకో. బెల్టు కట్టి మరీ చూసుకుంటున్నావు."

ఒమూర్‌జాక్ బండాపి, సొంత సీటు మీద దిండువేసి, ఆమెను గేరు పక్కన ఇరికించి తీసుకొచ్చాడు. దారిపొడుగునా తిట్టింది. తిట్లలో ఒక్కటీ రెండోసారి రాలేదట. ఊరు చేరేసరికి వాడికి పెళ్ళి చేసుకోవాలనిపించింది.

చేసుకున్నాడు. చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు.

పెళ్ళికి ముందు చెబితే కాదంటుందేమోనని భయం. పెళ్ళయ్యాక చెబితే ముందెందుకు చెప్పలేదంటుందని భయం. "ఇవాళ చెప్పరా" అని కల్మమత్ పోరితే "రేపు ఆకా" అనేవాడు. ఆ రేపు మూడేళ్ళు నడిచింది. మా ఊళ్ళో పిల్లలు లేకపోతే లోపం ఎవరిదని ఎవరూ అడగరు, కోడలి వంకే చూస్తారు. తోక్తోకాన్ చెడ్డది కాదు, ఓపికలేనిది. ఆకులూ వేర్లూ కాచి, కాకరకాయ సిగ్గుపడేంత చేదు కషాయం జాడీలకొద్దీ కోడలిచేత తాగించింది. దర్గా చుట్టూ మోకాళ్ళమీద తిప్పింది. ఆ ఏడే ఇంట్లో కష్కా అనే చుక్కావు కూడా రెండు ఎదలు పోయినా చూడి కట్టలేదు.

"ఒక ఇంటికి ఎన్ని గొడ్డుమోతులమ్మా," అంది ఒకరోజు పెరట్లో, ఆవు వంక చూస్తూనే. కన్నంలోంచి నాకు నాజికాన్ వీపు కనిపించింది. పాలచెంబు తోముతున్న చెయ్యి ఆగి, మళ్ళీ తోమింది. బండి తుడుస్తున్న ఒమూర్‌జాక్ అద్దం మీద తుడిచిన చోటే తుడిచాడు.

ఈలోగా ఒరుక్ ఆంబోతు పేరు ఊరంతా పాకింది. కల్మమత్ క్యానులో మార్షల్ అనే ఆంబోతు ఉంది, ఇంకేవో ఉన్నాయి, ఎవరికి ఏది కావాలంటే అది వేస్తాడు. ఒరుక్ గొట్టాలు మాత్రం ముట్టనివ్వడు. దాచేకొద్దీ దాని విలువ పెరిగింది. స్విట్జర్లాండ్ నుంచి వచ్చిందన్నారు. దాని దూడలు పుట్టగానే పాలిస్తాయన్నారు. అందరికంటే ఎక్కువ ఆశపడ్డది తోక్తోకాన్.

"నా కష్కాకి ఒరుక్ కావాలి," అంది వెళ్ళి.

కల్మమత్ తాగుతున్న టీ మీసాల్లోకి పోయింది. "నీకు పనికిరాదు తోక్తోకాన్. దగ్గర చుట్టరికం."

"ఆంబోతుతో నాకు చుట్టరికమేంటి?"

"అంటే, కష్కాకి."

"కష్కాని సంతలో కొన్నాను. పిసినారివని ఊరంతా అంటే నమ్మలేదు."

ఆనాటినుంచి ఆవిడ కల్మమత్‌కి సలాం చెప్పడం మానేసింది. అటుతర్వాత ఆయన కంటి పొర తీయించుకోవడానికి ఓష్ వెళ్ళాడు. ఆయనలేని సమయంలో పొరుగూరి పశువుల డాక్టరు మా ఊరు చూసుకోవాలి. ఆ ఉదయమే కష్కా ఎదకొచ్చింది. తోక్తోకాన్ కల్మమత్ భార్యకు ఒక గొర్రెపిల్లనిచ్చి, "మీ ఆయన వెళ్తూ వెళ్తూ ఒప్పుకున్నాడులే" అని చెప్పి, క్యానునే తన కొట్టంలోకి మోయించుకొచ్చింది.

నేను కన్నం దగ్గరకు చేరేసరికి పొరుగూరి ఆయన మోచేతి దాకా కష్కాలో ఉన్నాడు. రెండో చేతిలో సూది. నాజికాన్ తోక పట్టుకుంది. క్యాను మూత తీసి పక్కన పెట్టి ఉంది, తెల్లటి పొగ నేలమీద పాకుతోంది. అప్పుడే గేటు ముందు వ్యాను ఆగింది. కల్మమత్ భార్య దారిలో కనిపించి గొర్రెపిల్ల సంగతి చెప్పిందట. ఒమూర్‌జాక్ చెప్పులు రోడ్డు మీదే వదిలేసి వచ్చాడు.

"ఆపండి."

"ఏమైందిరా? బండి ఎవరికైనా తగిలించావా?" అంది తల్లి.

"ఆ సూది తియ్యమను అపా."

"ఎందుకు తియ్యాలి? గొర్రెపిల్లనిచ్చి తెచ్చుకున్నాను. ఊళ్ళో ఎవరికీ దక్కని ఆంబోతు."

"అది ఆంబోతు కాదు."

"మరేంటి?"

"నేను."

పొరుగూరి ఆయన ఆవు తోకవైపునుంచి మెల్లగా వెనక్కి జరిగాడు.

"నువ్వేంటి?" అంది తోక్తోకాన్.

"అందులో ఉన్నది నాది అపా. మందు ఎక్కించకముందు దాచింది. ఆ మందయ్యాక నాకింక పిల్లలు పుట్టరు. ఉన్నదంతా ఆ క్యానులోనే ఉంది. డాక్టరు చెప్పింది ఒరుక్ కాదు. ఉరుక్."

కష్కా నెమరు వేసింది.

"నేను చెయ్యి కడుక్కోవచ్చా?" అన్నాడు పొరుగూరి ఆయన.

నాజికాన్ తోక వదిలేసింది. "ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"మొదట్నుంచీ."

"నేను ఆ కషాయం తాగేటప్పుడు?"

"తెలుసు."

"దర్గా చుట్టూ మోకాళ్ళ మీద తిరిగేటప్పుడు?"

"బండిలో తీసుకెళ్ళింది నేనే కదా."

మూడేళ్ళ తిట్లు ఆమె గొంతులో వరస కట్టడం కన్నంలోంచే నాకు కనిపించింది. ఏ తిట్టుతో మొదలుపెడుతుందా అని చెవి ఆనించాను. ఆమె కిందికి చూసింది. పొగ ఆమె కాళ్ళచుట్టూ తిరుగుతోంది.

"ముందు ఆ మూత పెట్టు," అంది. "పొగంతా పోతోంది. నీ సంగతి తర్వాత చూస్తాను."

వాడు పరిగెత్తి మూత పెట్టాడు. తోక్తోకాన్ కసువులో కూలబడింది. "నా మనవణ్ణి," అంది, "నా చేత్తో నేనే, ఆవుకి," అని నవ్విందో ఏడ్చిందో, నాకు వరసగా రెండూ వినిపించాయి. తర్వాత లేచి, తన తలగుడ్డ కొంగుతో కోడలి చేతులకంటిన పేడ తుడిచింది. అత్త కోడలి చేతులు తుడవడం మా ఊళ్ళో నేను చూసింది అదొక్కసారే.

ఆ గొర్రెపిల్లను కల్మమత్ భార్య తిరిగి ఇవ్వలేదు. మిగిలిన కషాయం జాడీలన్నీ నాజికాన్ చలికాలమంతా ఒమూర్‌జాక్ చేత తాగించింది, చిటికెడు చక్కెర లేకుండా. రోజూ గ్లాసు చేతికిస్తూ, "తాగు, చెప్పడానికి విప్పని నోరు తాగడానికైనా పనికొస్తుంది," అనేది. వాడు గ్లాసు అడుగుదాకా తాగేవాడు.

మంచు కరిగాక ముగ్గురూ బిష్కెక్ బయల్దేరారు. ముందు సీట్లో నాజికాన్, ఆమె ఒళ్ళో కల్మమత్ క్యాను. కింద పెడతానంటే ఒప్పుకోలేదు. రెండు కనుమలు దాటేదాకా, గతుకు వచ్చినప్పుడల్లా "మెల్లగా నడుపు, మనిషివా ఎద్దువా" అని తిడుతూనే ఉంది. వెనక సీట్లో తోక్తోకాన్. ఆవిడ ఒళ్ళో ఎండు ఖుబానీల మూట. ఈసారి తినడానికే.

అక్కడి డాక్టరమ్మ ఏ ఆసుపత్రిలో దాచారని అడిగింది. "మా ఊరి చావడిలో," అన్నాడు ఒమూర్‌జాక్. గొట్టం మీద ఆంబోతు జాతీ పాలసారా చదివి ఆమె చాలాసేపు సూక్ష్మదర్శినిలోంచి తల ఎత్తలేదు.

"చాలావరకు చచ్చాయి. కొన్ని బద్ధకంగా కదులుతున్నాయి," అంది చివరికి. "ఒక్కటి చాలు, ప్రయత్నిద్దాం. ఇవి మనిషివే."

"మరెవరివనుకున్నావమ్మా?" అంది తోక్తోకాన్, కోపంగా.

మొదటిసారి నిలవలేదు. తిరుగు ప్రయాణంలో నాజికాన్ ఎవర్నీ తిట్టలేదని ఒమూర్‌జాక్ నాతో అన్నాడు. రెండోసారి నిలిచింది. దాంతో క్యానులో ఒరుక్ గొట్టాల్లో ఇంకొక్కటే మిగిలింది.

ఆ ఏడు కష్కా కూడా ఈనింది. కోడెదూడ. నుదుటి మీద ఉంగరాల జుట్టు. ఊరంతా వచ్చి దూడనూ ఒమూర్‌జాక్‌నూ మార్చి మార్చి చూసి వెళ్ళింది. ఇదీ సగం వెనక్కి తీసుకోవాలి. ఎగువవీధి ఆంబోతు ఒకటి గోడ దూకిన మాట నిజమే. ఆ ఆంబోతుకి ఉంగరాల జుట్టు ఉందా అంటే, నేను దగ్గరగా చూడలేదు.

పేరు పెట్టే రోజున తోక్తోకాన్ పిల్లను ఎత్తుకుని ముల్లాతో, "మా ఉరుక్ నిలిచింది. మంచి పేరు చెవిలో చెప్పు," అంది. ముల్లాకి డెబ్బై దాటాయి, వినికిడి అంతంతమాత్రం. వంగి పిల్ల చెవిలో గట్టిగా "ఒరుక్‌గుల్" అన్నాడు. ఖుబానీ పువ్వు. చెవిలో పడ్డ పేరు మార్చకూడదు. ఆడవాళ్ళంతా తోక్తోకాన్ మొహం వంక చూశారు. వంశం మగపిల్లాడితోనే నిలుస్తుందని జీవితమంతా అన్నది ఆవిడే కదా.

ఆవిడ పిల్ల బుగ్గ వాసన చూసింది. "నేనడిగింది ఉరుక్. దేవుడిక్కూడా ఆ డాక్టరు నాలుకే ఉన్నట్టుంది," అంది. "పోన్లే. వంశాన్ని ముద్దాడతామా? నాకు పువ్వే బాగుంది."

రాయడం అయ్యాక, ఎవరి కథ వాళ్ళకు వినిపించడం మర్యాద కదా అని, మొన్న ఓష్ వెళ్తూ ఒమూర్‌జాక్ బండిలో దీన్ని మొదట్నుంచీ చదివాను. ముందు సీట్లో కూర్చుందామనుకున్నాను కానీ అక్కడ ఒక క్యాను ఉంది. బెల్టు కట్టి ఉంది. ఉంగరాల జుట్టున్న నాలుగేళ్ళ పిల్ల దాన్ని ఆనుకుని నిద్రపోతోంది. వాడు వింటూ వింటూ ఒకచోట గేరు తప్పు వేశాడు. అంతే.

"ఎలా ఉందిరా?" అన్నాను.

"అంతా అబద్ధం అతా," అన్నాడు నన్ను నాన్న వరసలో పిలుస్తూ, రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా. "నాకు జబ్బే రాలేదు. మా ఆవు మా అమ్మది కాదు, మా అత్తగారిది. మా పిల్ల అందరి పిల్లల్లాగే పుట్టింది. ఇది పాలక్యాను."